‘స్ఫూర్తి’ అని రాస్తే సరిపోతుందా?

సంపాదకులకు,

విదేశీ మ్యూజియంల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నేను విజయవాడలో పాతికేళ్ళకు పైగా కూచిపూడి డ్రెస్సులు కుడుతున్నాను. కిందటేడు అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడో మ్యూజియం చూపించాడు. ఒక అద్దాల బీరువా ముందు నేను ఆగిపోతే, “అమ్మా, ఇంక పద” అని వాడు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. లోపల ఉన్నది బ్యాలే అనే పాశ్చాత్య నాట్యానికి వేసుకునే డ్రెస్సు. పక్కన చిన్న చీటీ: జపాన్ స్ఫూర్తితో, డిజైనర్ ఫలానా, సంవత్సరం ఫలానా. అంతే.

దూరం నుంచి అచ్చం జపాన్ వాళ్ళ సంప్రదాయ దుస్తు కిమోనోనే. దగ్గరికెళితే కాదు. కిమోనోకి మన జాకెట్టులా వంపులు తిప్పి గుడ్డ కత్తిరించరు. 36 సెంటీమీటర్ల పన్నా, 12 మీటర్ల పొడవు, కాస్త అటూ ఇటూగా ఉండే ఒకే తానును తిన్నగా ముక్కలు చేసి, తిన్నగానే కుడతారు. కుట్లు విప్పితే మళ్ళీ తానులా పరుచుకోవచ్చు. పూర్వం ఉతకడానికి అలాగే విప్పేవాళ్ళు. అది కట్టుకుంటే అడుగులు చిన్నవే పడతాయి. బ్యాలేలో మరి కాలు తల దాకా లేవాలి! అందుకని ఈ డ్రెస్సుకి పక్కన తొడ దాకా చీలిక, చేయి పైకెత్తినా బిగుసుకోకుండా చంక కింద పలకలాంటి అతుకు పెట్టారు. నడుముకి చుట్టే ఓబీ అసలుదైతే నాలుగు మీటర్ల పైమాటే. ఇక్కడ అది వెనక హుక్కులు పెట్టిన పట్టీ. నాకు నవ్వొచ్చింది. చీర కుచ్చిళ్ళను విసనకర్రలా కుట్టేసి హుక్కులు పెట్టే పని మేం రోజూ చేసేదేగా. మెడ అంచున పౌడరు మరక ఇంకా ఉంది.

మార్చి కుట్టడం తప్పని నేననను. నా గొడవంతా ఆ చీటీతోనే. ‘స్ఫూర్తి’ అనే మాట కింద ఏదైనా పట్టేస్తుంది. జపాన్ వస్తువుల మోజు పారిస్‌ను ఊపేస్తున్న రోజుల్లో, 1879లో, అక్కడి ఒపేరా నాట్యశాల ‘యెడ్డా’ అనే జపాన్ కథను బ్యాలేగా ఆడింది. రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా 1922లో తన బృందంతో జపాన్ వెళ్ళి, అక్కడి గురువుల దగ్గర పాఠం చెప్పించుకుని, మరుసటేడు లండన్‌లో జపాన్ నాట్యాలు ప్రదర్శించింది. 1963లో న్యూయార్క్‌లో నృత్య దర్శకుడు బాలన్‌చైన్ ‘బుగాకు’ అనే బ్యాలే చేశాడు. దానికి సంగీతం కట్టింది జపాన్ వాడే, తోషిరో మయుజుమి. డ్రెస్సులు కరిన్‌స్కా చేతివి. అసలు బుగాకు జపాన్‌లో మగవాళ్ళు ఆడే రాజాస్థాన నృత్యం. ఇక్కడ ఆడవాళ్ళూ ఆడారు. మోజు వేరు, గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవడం వేరు, ఆ దేశపు సంగీతకారుడితో కలిసి పనిచేయడం వేరు. చీటీ మీద మాత్రం మూడింటికీ ఒకే మాటా?

పావ్లోవా ఆ 1923 ప్రదర్శనలోనే రాధగా ఆడితే, కృష్ణుడిగా ఆడింది మన ఉదయ్ శంకర్. ఆ పేరు మనకింకా గుర్తుంది. జపాన్ నాట్యాలు నేర్పిన గురువుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇది జపాన్ వాళ్ళ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 1912లో పారిస్‌లో ‘నీలి దేవుడు’ అనే బ్యాలే ఆడారు. కథ జరిగేది ఇండియాలో, ఆ దేవుడికి మూలం మన కృష్ణుడు. ఆ దేవుడి వేషం వేసింది రష్యన్ నర్తకుడు నిజిన్‌స్కీ, డ్రెస్సు గీసింది చిత్రకారుడు బాక్స్ట్. ఆ డ్రెస్సు ఇప్పుడు కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉంది. ఫొటో చూస్తే పీతాంబరమూ లేదు, నెమలి పింఛమూ లేదు. 1900లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వచ్చిన సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నర్తకుల ఛాయ అందులో ఉందని తెలిశాకే ఆ వేషానికి పెట్టిన కిరీటం సంగతి నాకు అర్థమైంది. అందంగా లేదా అంటే, ఉంది. ‘భారత స్ఫూర్తి’ అని ఊరుకుంటే మాత్రం ఒప్పుకోను.

అలాగని తీసి దాచేయమనే వాళ్ళతోనూ నేను ఏకీభవించను. 2015లో బోస్టన్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన బొమ్మ ముందు సందర్శకులు కిమోనో వేసుకుని ఫొటో దిగే ఏర్పాటు చేస్తే, పరాయి సంస్కృతిని వేషంగా వాడుకుంటున్నారని గొడవైంది. చివరికి వేసుకోవడం మాన్పించి, ముట్టుకుని చూడనిచ్చారు. ఆ నిరసనను తప్పుపట్టినవాళ్ళలో జపాన్ వాళ్ళూ ఉన్నారు. చూపించాలి, ముట్టుకోనివ్వాలి కూడా. పక్కన ఇంకో నాలుగు వాక్యాలు రాయాలి: దేన్ని చూసి చేశారు, ఎవరు నేర్పారు, ఏం మార్చారు, ఎవరు కుట్టారు. దర్జీల పేర్లు ఆ బ్యాలే కంపెనీల పాత లెక్కల పుస్తకాల్లో వెతికితే కొన్నైనా దొరక్కపోవు.

ఇది రాసేటప్పుడే మీ పత్రిక పాత కట్ట తిరగేశాను. నాట్య ప్రదర్శనల ఫొటోల కింద నర్తకి, గురువు, ముఖ్య అతిథి, ఒక్కోసారి లైట్లు వేసినతని పేరు కూడా ఉంటున్నాయి. డ్రెస్సు కుట్టినవాళ్ళది ఒక్కసారీ కనబడలేదు. వచ్చే నెల మా ఊళ్ళో ప్రదర్శనకి మీ విలేకరి వస్తే గ్రీన్‌రూమ్‌లోకి ఒకసారి రమ్మనండి. సూదీ దారం పట్టుకుని అక్కడే ఉంటాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ