నూనె పూసినం గానీ ఉప్పు కడగలే

అన్నలకు, కాకలకు, బ్యాంకు డ్యూటీలు చేసే మా ఎక్స్‌ ఆర్మీ సార్లకు నమస్తే. హన్మకొండల మన తుపాకుల రిపేరు షాపు నుంచి రాస్తున్న. ఎప్పుడూ షాపు బందు గురించో రేట్ల గురించో మెసేజ్ పెడ్త, ఈసారి మాత్రం మా తప్పు గురించి చెప్పాలె: మా దగ్గర డిపాజిట్ పెట్టిన మూడు తుపాకులకు జంగు (తుప్పు) పట్టింది. ఇప్పటికే ఒకరిద్దరికి సగం సగం తెలిసినట్టుంది, అందుకే అంతా నేనే చెప్తున్న.

2024 పార్లమెంట్ ఎలక్షన్లకు మార్చి 16న ఎలక్షన్ కోడ్ పడ్డది కదా, అప్పుడు లైసెన్స్ తుపాకులు కొందరు ఠాణల డిపాజిట్ చేసిన్రు, కొందరు మా దగ్గర పెట్టిన్రు. జూన్‌ల కోడ్ ఎత్తేసినా అందరు వెంటనే రాలే, నాట్ల పనులల్ల పడి ఆగస్టు దాకా ఆగినోళ్ళున్నరు. పరకాల దిక్కు నుంచి ఒక కాక వచ్చిండు, .315 రైఫిల్, వాళ్ళ నాయిన కాలం నాటిది. ఇచ్చే ముందు అలవాటు కొద్దీ బోల్ట్ (బ్యారల్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) తీసి ట్యూబ్‌లైట్ దిక్కు పెట్టి చూస్తే బ్యారల్ లోపలంతా ఎర్రగ జంగు. బ్రష్ కొడితే జంగు పోయింది గానీ కింద చిన్న చిన్న గుంతలు పడ్డయ్. నాకు చెమటలు వట్టినయ్. అదే వారంల ఒక గార్డు సార్ డబుల్ బ్యారల్, నర్సంపేట సైడు ఒక రైతన్న భర్మార్ (మూతి నుంచి మందు కూరే తుపాకి), మొత్తం మూడింటికీ ఇదే జంగు.

మూడింటికీ తీసుకున్న రోజే నా చేతులతోనే నూనె పూసిన. అందుకే మొదలు నా తప్పని ఒప్పుకోబుద్ధి కాలే, రూముల చెమ్మ అనుకున్న, పనిపిలగాన్ని తిట్టిన (పాపం వానికేం సంబంధం లేదు, వానికి సారీ చెప్పిన). కానీ పక్కనే అదే ర్యాక్‌ల ఉన్న మిగతా తుపాకులు అద్దం లెక్క మెరుస్తున్నయ్, మరి ఈ మూడింటికే ఎందుకు పట్టింది?

కాకను కూసోబెట్టి చాయ్ తాగిచ్చి అడిగితే తెలిసింది, డిపాజిట్ చేసే ముందు షూటింగ్ రేంజ్‌కు పోయి నాయిన పెట్టెల ఉన్న పాత కార్తూసులు (తూటాలు) నాలుగు కొట్టిండట. గార్డు సారుది కూడా గంతే, పాత అట్ట కార్తూసులు. భర్మార్ సంగతి చెప్పేదే లేదు, అది నల్ల తుపాకిమందుతోటి కొట్టేది.

కార్తూస్ అడుగున మధ్యల గుండ్రగ క్యాప్ ఉంటది కదా, పిన్ను తగలంగనే అంటుకునేది, అసలు పేచీ దాంట్లనే ఉంది. పాత క్యాపులల్ల పొటాషియం క్లోరేట్ వేసేటోళ్ళు, అది కాలినంక పొటాషియం క్లోరైడ్ అయితది, అంటే మనం తినే ఉప్పుకు తమ్ముని లెక్క. అది పొగ తోటి పోయి బ్యారల్ పొడుగునా సన్నగ అతుక్కుంటది, కంటికి కనవడదు. వానకాలంల మీ ఇంట్ల దొడ్డుప్పు డబ్బా చూసిన్రా, మూత సరిగ్గ పెట్టకపోతే నీళ్ళు కారుతది, గాలిలున్న చెమ్మనంతా గుంజుకుంటది. బ్యారల్ల కూడా గదే. ఉక్కు మీద ఉప్పునీళ్ళు పూసి నెలల కొద్దీ మూలకు పెట్టినట్టయింది నా పని. ఇంకోటేందంటే ఉప్పు నూనెల కరగదు, కిరసనాయిల్ల కూడా కరగదు. నేను నూనె పూసి ఉప్పును కింద దాచిపెట్టిన, అంతకుమించి చేసిందేం లేదు.

నాకు నమ్మబుద్ధి కాక పరీక్ష కూడా చేసిన. కాక దగ్గర మిగిలిన కార్తూసులల్ల ఒకదాని బుల్లెట్, మందు తీసేసి, ఉత్త క్యాపు మాత్రం వర్క్‌షాప్‌ల నున్నగ రాకిన ఇనుప మేకు మీదికి పేల్చి, కొత్త కార్తూస్‌తోటి ఇంకో మేకుకు గట్లనే చేసి, రెండూ తడి గుడ్డ పక్కన పెట్టిన. తెల్లారేసరికి మొదటి మేకు ఎర్రగయింది, రెండోది గట్లనే ఉంది. (ఇది మీరు ఇంట్ల చేయకున్రి, అనుమానముంటే నా దగ్గరికి తీస్కరాండి.)

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పిండు, నేనే మర్చిన. బ్రిటిషోళ్ళ కాలంల .303 రైఫిల్ కొట్టినంక సిపాయిలు బ్యారల్ల మసిలే నీళ్ళు పోసేటోళ్ళు, దానికని స్పెషల్ గరాటు కూడా ఉండేది. తర్వాత జర్మనీల 1928ల సినాక్సిడ్ అని ఉప్పు మిగలని క్యాపు వచ్చింది, అమెరికాల రెమింగ్టన్ కంపెనీ 1927లనే క్లీన్‌బోర్ అని తెచ్చింది, అయినా అమెరికా మిలిటరీ 1950ల దాకా చాలావాటికి పాతదే వాడింది. ఇప్పటి కొత్త కార్తూసులల్ల చాలావాటికి ఈ బాధ లేదు కాబట్టి మా అసొంటోళ్ళకు నీళ్ళ అలవాటు తప్పింది.

ఇగ పద్ధతి చెప్తున్న, రాసి పెట్టుకోండి. ముందుగాల తుపాకి ఖాళీ ఉందా లేదా రెండుసార్లు చూడాలె, కంటితోటి, తర్వాత వేలితోటి. .315కు బోల్ట్ హెడ్ పైకి లేపి వెనక్కి గుంజితే బోల్ట్ బయటికొస్తది, వెనక నుంచి గరాటు పెట్టి మసిలే నీళ్ళు ఒక లీటర్ దాకా పోయాలె, మూతి కిందికుండాలె, కట్టె మీద పడకుండ గుడ్డ చుట్టాలె. ఉప్పు కరగడానికి మామూలు నీళ్ళు కూడా సాలు, కానీ వేడి నీళ్ళయితే బ్యారల్ వేడెక్కి తొందరగ ఆరుతది, అసలు లాభం అదే. కొందరు అద్దాలు తుడిచే నీలం స్ప్రే కొట్టి అమోనియా ఉప్పును చంపుతదంటరు, అమోనియాకు ఉప్పుతోటి పనేం లేదు, దాంట్ల ఉన్న నీళ్ళే పని చేసేది.

తర్వాత పుల్‌త్రూతోటి (బ్యారల్లకెళ్ళి గుంజే తాడు) పొడి చిందీలు (గుడ్డ ముక్కలు) గుంజాలె, చిందీ ఎండిగ వచ్చేదాకా. ఎన్‌సీసీ చేసినోళ్ళకు గుర్తుంటది, తుడవడానికి 4 బై 2 ఇంచుల ముక్క, నూనెకు 4 బై ఒకటిన్నర. అంతా ఆరినంకనే మసి తీసే సాల్వెంట్, ఆఖరికి నూనె. ఈ వరుస తప్పితే కష్టమంతా వేస్ట్. బోల్ట్ ముఖం మర్చిపోకున్రి, క్యాపు పేలేది దాని ముందటనే, నేను అదీ కడగలే, కాక బోల్ట్ మీద కూడా మచ్చలున్నయ్. మరుసటి రోజు ఇంకో చిందీ గుంజి చూడాలె, ఎర్రగ వస్తే మళ్ళ మొదటికెళ్ళి.

భర్మార్‌కు వెనక దారి ఉండదు కాబట్టి నిప్పుల్ (క్యాపు పెట్టే చిన్న ముక్క) విప్పి, వెనక భాగం బకెట్ వేడి నీళ్ళల్ల ముంచి, గజానికి (బ్యారల్ల దూర్చే పొడుగు కడ్డీ) గుడ్డ చుట్టి పంపు కొట్టినట్టు పైకీ కిందికీ లాగాలె, జర సబ్బు వేస్తే మంచిది. నల్ల తుపాకిమందు మసి కూడా చెమ్మ గుంజేదే, దానికి కిరసనాయిల్ పోసి మూలకు పెట్టే అలవాటు మానాలె.

పైసల సంగతి. ఈ ముగ్గురి దగ్గర డిపాజిట్ కిరాయి, సర్వీసింగ్ ఏదీ తీసుకోలే, జంగు తీసిన మజూరి కూడా నాదే. కానీ గుంతలు మాత్రం పోవు, ఎంత రుద్దినా పోవు, పోతయని ఎవరన్నా చెప్తే నమ్మకున్రి. కాక రైఫిల్ కొడితే ఇంకా నడుస్తది, కానీ ఇకనుంచి మసి ఎక్కువ పడతది, మునుపటి గురి ఉంటదని గ్యారంటీ ఇయ్యలేనని మొకం మీదనే చెప్పిన. ఆయన గట్టిగనే అన్నడు, పడ్డ.

ఇప్పటికెళ్ళి డిపాజిట్‌కు తెస్తే ఆఖరుసారి ఏ కార్తూస్ కొట్టిన్రో అడిగి రిజిస్టర్ల రాసుకుంట, పాతదైనా, తెల్వదన్నా నీళ్ళతోటి కడుగుడే, నెలకోసారి అన్ని బ్యారల్స్ చూసుడే. దీనికి 150 రూపాయలు ఎక్కువ పడతది, మజూరి తప్ప నేనేం కలపలే. ఉప్పు మిగలని క్యాపుల కొత్త ఫ్యాక్టరీ కార్తూసులు మాత్రమే కొట్టినోళ్ళకు ఈ కడుగుడు అక్కర్లేదు, ఆ 150 నాకు ఇయ్యకున్రి.

మార్చి నుంచి ఆగస్టు మధ్యల మా దగ్గర పెట్టి తీస్కపోయినోళ్ళు ఒకసారి లైట్‌కు పెట్టి చూస్కోండి, అనుమానముంటే లైసెన్స్ పుస్తకం తోటి రాండి, ఫ్రీగ చూస్త. దయచేసి ఖాళీ చేసి, కవర్ల పెట్టి తీస్కరాండి. పోయిన నెల ఒకాయన లోడ్‌తోనే తెచ్చి కౌంటర్ మీద పెట్టి చాయ్ ఆర్డర్ చెప్పిండు.