కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి: ఆ పదకొండు నెలల కాంట్రాక్టుల గురించి

మంత్రి గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో, తార్నాకలో ఉంటాను. పీహెచ్‌డీతో కలిపి 29 ఏళ్ళు వైరస్‌లతోనే పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఒకటే పని: టీకాలు, ప్లాస్మా మందులు, యాంటీబాడీ ఇంజెక్షన్లు మనిషికి చేరేలోపు వాటిలో అక్కర్లేని వైరస్ ఏదైనా దూరిందా అని చూడటం. పోయినేడు రిటైరయ్యాను కాబట్టి నాకోసం అడగాల్సింది ఏమీ లేదు, నా తర్వాత ఆ మైక్రోస్కోప్ ముందు పదకొండేసి నెలల కాంట్రాక్టుల మీద కూర్చోవాల్సి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను.

ఈ మందులు మాత్రల్లాగా రసాయనాలు కలిపి చేసేవి కావండీ. చాలావాటిని బతికున్న సెల్స్‌లో పెంచుతారు, చైనా హామ్‌స్టర్ సెల్స్‌లోనో, కోతి కిడ్నీ నుంచి వచ్చిన వెరో సెల్స్‌లోనో. కొన్నిచోట్ల వాటికి మేతగా దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరమ్ వేస్తారు. సెల్ బతికే చోట వైరస్ కూడా బతుకుతుంది. అందుకే శాంపిల్‌ని వేరే సెల్స్ మీద వేసి 14 రోజులు చూస్తాం, దాన్ని మళ్ళీ కొత్త సెల్స్ మీదకి మార్చి ఇంకో 14 రోజులు చూస్తాం. చూడటం అంటే నిజంగా కళ్ళతో చూడటమే.

ఒకసారి అలాంటి సీరమ్ లాట్ (ఒక బ్యాచ్) ఒకటి టెస్టులో ఉంది. తొమ్మిదో రోజు సాయంత్రం, బస్సు టైమైందని అందరం గ్లౌజులు తీసేస్తుంటే, కాంట్రాక్టులో చేసే అమ్మాయి "మేడమ్, ఒక్కసారి రండి, ఈ మూల సెల్స్ వేరేగా ఉన్నాయి" అంది. ఫ్లాస్క్ అంతా సెల్స్ చక్కగా పరుచుకుని ఉన్నాయి, ఒక మూల మాత్రం పదో పన్నెండో గుండ్రంగా ముడుచుకుని నానిన సగ్గుబియ్యంలా మెరుస్తున్నాయి. సెల్స్ పెంచే ద్రవంలో తేడా అయ్యుంటుందిలే అన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, శాంపిల్ వేయని కంట్రోల్ ఫ్లాస్క్ తెచ్చి పక్కన పెట్టి చూపించింది. వైరస్‌ని గుర్తించే రంగు వేసి చూస్తే ఆకుపచ్చగా వెలిగింది. పశువులకు విరేచనాలు తెచ్చే బీవీడీ వైరస్. లాట్ మొత్తం పక్కన పెట్టేశాం.

ఆ చూపు రావడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. పదకొండేసి నెలల కాంట్రాక్టు మూడుసార్లు పొడిగించారు, నాలుగోసారి ఫైలు కదల్లేదు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తోంది. ల్యాబ్ పేరు రాయను, ఎందుకంటే ఈ కథ ఆ ఒక్క ల్యాబ్‌ది కాదు.

మిషన్లు వచ్చాయి కదా అంటారు. పీసీఆర్ మనం వెతికిన వైరస్‌నే పట్టుకుంటుంది. శాంపిల్‌లో ఉన్న జన్యు పదార్థం మొత్తాన్ని చదివే సీక్వెన్సింగ్ తెలియనివాటినీ పట్టగలదు, 2023లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా దాన్ని ప్రోత్సహిస్తున్నాయి, మంచిదే, కానీ ఆ రిపోర్టులో ఏది నిజమైన వైరస్, ఏది ఉత్తి చెత్త అని తేల్చేది మళ్ళీ మనిషే. ఎస్‌వీ40 అనే కోతి వైరస్ విషయమే చూడండి. పోలియో టీకాకు వాడిన రీసస్ కోతి సెల్స్‌లో అది ఏ ఆనవాలూ చూపించలేదు. 1960లో శాంపిల్‌ని ఆఫ్రికన్ గ్రీన్ మంకీ సెల్స్ మీద వేసినవాళ్ళకు లోపల బుడగలు కనపడ్డాయి, అప్పుడు బయటపడింది. అప్పటికి ఆ టీకా వేయడం మొదలై ఐదేళ్ళు.

కనిపెట్టినవాళ్ళ మాట వినకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. 1954లో అమెరికా ప్రభుత్వ ల్యాబ్‌లో బర్నీస్ ఎడ్డీ గారు కట్టర్ కంపెనీ పోలియో టీకాను కోతులకు ఇస్తే వాటికి పక్షవాతం వచ్చింది. పైవాళ్ళకు చెప్పింది, పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ టీకా పిల్లలకు వేశారు. అందులో చంపేసి ఉండాల్సిన వైరస్ పూర్తిగా చావలేదు. దాదాపు 200 మందికి పక్షవాతం, 10 మంది చనిపోయారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

2021లో గచ్చిబౌలి దగ్గరున్న జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థలో కోవిడ్ టీకాల బ్యాచ్‌లు పరీక్షించే ఏర్పాటు చేశారు, చాలా సంతోషించాం. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా హిమాచల్‌ ప్రదేశ్‌లో కసౌలిలో ఉన్న కేంద్ర ల్యాబ్ దాకా వెళ్ళకుండా ఊళ్ళోనే టెస్టు కావడం చిన్న సంగతి కాదు. బిల్డింగులు, మిషన్లు ఇవ్వగలిగినప్పుడు మనుషులకు పోస్టులు ఇవ్వడం ఎందుకు కుదరదు? టీకాలు, బయలాజికల్ మందులు పరీక్షించే ప్రభుత్వ ల్యాబ్‌లన్నిటిలో వైరల్ సేఫ్టీ చూసేవాళ్ళకు రెగ్యులర్ పోస్టులు మంజూరు చేయండి. ఇప్పటికే చేస్తున్నవాళ్ళ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోండి.

మొన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి, పోస్టు పడితే తిరిగి వస్తావా అని అడిగాను. "పర్మనెంట్ అయితే రేపే వస్తాను మేడమ్" అంది. నోటిఫికేషన్ ఇవ్వండి సార్.

ఇట్లు
ఒక రిటైర్డ్ వైరాలజిస్ట్
తార్నాక, హైదరాబాద్