180 గ్రాముల లెక్క

చిన్నీ,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. ఇవాళ నీ గది సర్దుతుంటే కిటికీ పక్కన నువ్వు ప్రోటీన్ పౌడర్ కలుపుకునే షేకర్ దొరికింది. మూత తీస్తే అడుగున పౌడర్ గట్టిపడి అంటుకుపోయి ఉంది. వేడినీళ్ళు పోసి నానబెట్టి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు.

ఉన్న నాలుగు రోజులూ నిన్ను గమనిస్తూనే ఉన్నాను. రాత్రి పదకొండింటికి నిద్రకళ్ళతో లేచి, ఇంకా 30 గ్రాముల ప్రోటీన్ తక్కువైందంటూ ఆ షేకర్ ఊపుకుంటూ నిలబడ్డావు. మర్నాడు అందరం కలిసి తింటుంటే కడుపు నిండిపోయిందని సగంలో లేచిపోయావు. రోజుకి ఎంత కావాలని అడిగితే 180 అన్నావు. కిలో బరువుకి మూడు గ్రాములట, ట్రైనర్ చెప్పారట. నాకు తెలియని విషయం కదా అని ఆ రోజు ఊరుకున్నాను. కానీ మనసులో పీకుతూనే ఉంది. నువ్వెళ్ళాక దొరికినంత చదివాను.

ముందు ఒకటి ఒప్పుకుంటున్నాను. వ్యాయామం చేసేవాళ్ళకి ప్రోటీన్ ఎక్కువ కావాలన్న నీ మాట నిజమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలోకి 0.83 గ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నీ 60 కిలోలకి అది 50 గ్రాములు. బరువులు ఎత్తే నీకు అది చాలదు. క్రీడాకారుల పోషణ చూసే నిపుణులు 1.2 నుంచి 2 గ్రాముల మధ్య చెబుతున్నారు. 2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన వచ్చింది. అందులో 1800 మందికి పైగా ఉన్నారు, అందరూ బరువులతో వ్యాయామం చేసినవాళ్ళే. కిలోకి 1.6 గ్రాములు దాటాక, ఇంకా ఎంత తిన్నా సగటున కండ అదనంగా పెరగలేదు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి కొందరికి 2.2 దాకా కూడా ఉపయోగం ఉండొచ్చన్నారు. అంటే నీకు 96 గ్రాములు, మరీ జాగ్రత్తపడితే 132. ఎలా చూసినా 180 రావడం లేదమ్మా.

ఇంకో లెక్క కూడా వేశాను. కిలో కండలో ముప్పావు వంతు నీళ్ళే. ప్రోటీన్ 200 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. నెలకి కిలో కండ పెరగడమంటే చాలా ఎక్కువ. అయినా పెరిగిందనే అనుకుందాం. 200 గ్రాములని 30 రోజులకి పంచితే రోజుకి 7 గ్రాములు కూడా రాలేదు. నమ్మకం కుదరక మళ్ళీ వేసి చూశాను, అంతే వచ్చింది. అలాగని 7 గ్రాములు ఎక్కువ తింటే చాలని కాదు. ఒంట్లో పాత ప్రోటీన్ విరుగుతూ, కొత్తది తయారవుతూ ఉంటుంది. విరిగినదాంట్లో చాలావరకు మళ్ళీ వాడుకున్నా కొంత పోతుంది, తిన్నదంతా నేరుగా కండకి చేరదు. అందుకే 96 అంటున్నారు. అంతకుమించి తిన్నదాన్ని శరీరం ప్రోటీన్‌గా దాచిపెట్టుకోదు. కాలేయం అందులోని నత్రజనిని యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. మిగిలింది మామూలు తిండిలాగే ఇంధనం.

చదివినవాటిలో నాకు బాగా నచ్చింది ఒక పాత సంగతి. 19వ శతాబ్దంలో లీబిగ్ అనే పెద్ద శాస్త్రవేత్త, కండ పనిచేయాలంటే ప్రోటీనే కాలాలని చెప్పాడు. అది పరీక్షించాలని 1865లో ఫిక్, విస్లిసేనస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లో ఫాల్‌హార్న్ అనే కొండెక్కారు. కింది నుంచి దాదాపు 2000 మీటర్లు పైకి ఎక్కారు. ముందురోజు నుంచే ప్రోటీన్ మానేసి, ప్రోటీన్ లేని స్టార్చ్ పిండితో చేసి కొవ్వులో వేయించిన రొట్టెలు తిన్నారు. దారంతా తమ మూత్రం సేకరించి, అందులో నత్రజని కొలిచారు. ఒంట్లో కాలిన ప్రోటీన్ ఇచ్చే శక్తి ఆ ఎక్కడానికి ఏ మూలకీ చాలదని తేలింది. వాళ్ళని కొండెక్కించింది ముఖ్యంగా పిండిపదార్థాలూ కొవ్వూ.

ఇది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. సెట్ల మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయని రెండుసార్లు అన్నావు. పౌడరుతో కడుపు నింపుకుని అసలు తిండి తగ్గించేస్తున్నావేమో, బరువులెత్తడానికి కావలసిన శక్తి అందడం లేదేమో అని నా భయం. కళ్ళు తిరగడం తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకో.

రాత్రి లేవడం కూడా మానెయ్. వ్యాయామం అయిన అరగంటలో తాగితీరాలన్న గట్టి నియమం ఏదీ లేదు, రోజు మొత్తంలో ఎంత తిన్నావన్నదే ముఖ్యం. నాలుగు పూటలు, పూటకి 25, 30 గ్రాములు వచ్చేలా చూసుకో. గుడ్డుకి 6, గ్లాసు పాలకి 8 గ్రాములు ఉంటాయి. తక్కువైన రోజు ఒక స్కూప్ పౌడర్ కలుపుకో, తప్పేం లేదు. కిడ్నీలు పాడవుతాయేమోనని నేను భయపడ్డాను కానీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అలా జరుగుతుందని రుజువు కాలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచకూడదు.

నీకోసం చదువుతూ నా లెక్క కూడా చూసుకున్నాను. వయసు పైబడ్డాక కండలు ప్రోటీన్‌కి అంత తొందరగా స్పందించవట. వయసు మళ్ళినవాళ్ళు కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు తింటే మంచిదంటున్నారు. నేను రోజుకి తింటున్నది 45 గ్రాములు కూడా లేదు! అందుకని పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం గ్లాసు పాలు ఎక్కువ చేశాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటున్నాను. ఏడోసారికి తొడలు వణుకుతున్నాయి. ఈసారి వచ్చినప్పుడు స్క్వాట్ సరిగ్గా ఎలా చేయాలో దగ్గరుండి నేర్పించు.

అడుగున అంటుకున్నదంతా ఊడొచ్చింది. షేకర్ కడిగి ఆరబెట్టాను. పంపించమంటావా, ఇక్కడే ఉంచమంటావా?

అమ్మ