పాత నూలు చీరలు పారేయకండి

అందరికీ, మా పాపాయికి డైపర్ బదులు పాత చీరలతో కుట్టిన గుడ్డల గురించి నిన్న అడిగారు కదా, వివరంగా రాస్తున్నా. మా అమ్మ పాత మంగళగిరి నూలు చీర ఐదున్నర మీటర్లది, 22 అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే చిరుగులు పోను 16 పొత్తిగుడ్డలు వచ్చాయి. అంచులు మడిచి మిషన్ మీద ఒక్క కుట్టు వేస్తే చాలు, కానీ జరీ అంచు ముందే తీసేయండి, పసిపిల్ల తొడలకు గీరుకుంటుంది. కొత్త బట్ట కంటే ఇదే మేలు, ఎన్నో ఉతుకుల్లో గంజంతా పోయి మెత్తబడి ఉంటుంది, తడి ఇట్టే పీల్చుకుంటుంది. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వేసే లిక్విడ్లు మాత్రం వద్దు, వాటితో గుడ్డ సరిగ్గా పీల్చదు. మంచి ఎండలో ఆరేస్తే పసుపు మరకలు చాలావరకు పోతాయి.

మరో రెండు చీరలతో పాప కింద పరవడానికి బొంత కుడుతున్నా, నాలుగు పొరలు, చేత్తోనే. మొన్న సూది చాప మీదే మర్చిపోతే పాప పాకుతూ సరిగ్గా అక్కడికే వెళ్ళింది, నా గుండె ఆగినంత పనైంది. అప్పట్నుంచి సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేశాకే లేస్తున్నా, మీరూ అలాగే చేయండి. ప్రయాణాల్లో డైపరే వేస్తున్నా, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఎవరి దగ్గరైనా పాత నూలు దుప్పట్లు ఉంటే చెప్పండి, ఆదివారం వచ్చి తీసుకెళ్తా.