ఒక్క మాట సరిచేసి కథను నిలబెట్టిన మీకు కృతజ్ఞతలు

మా మరదలు ఆంగ్లంలో రాసిన కథ కోసం వరుసగా మూడు ఆదివారాలు వెచ్చించిన ఇద్దరికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒకరు తిరుపతి భవానీనగర్‌లో ఉంటున్న, ఆంగ్ల అధ్యాపకురాలిగా పదవీ విరమణ చేసిన మేడం గారు. మరొకరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న, జర్మన్ కూడా నేర్చుకున్న అమ్మాయి. తమ పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరారు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఎప్పుడూ తన భాషలోనే కథలు రాసుకునే ఆ అమ్మాయి, తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా నాన్నగారు చదవాలన్న కోరికతో ఈసారి ఆంగ్లంలో రాసింది. ఊరు విడిచి వెళ్లిన గడియారాల మరమ్మతుదారు కోసం పొరుగింటావిడ ఎదురుచూడటం అందులో కథ. సెలవులకు వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, "చదివి సరిదిద్దు వదినా" అంది.

నా వల్ల కాలేదు. 'ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్' అన్న వాక్యంలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. ఇంకా కొనసాగుతున్న సంగతిని జర్మన్‌లో వర్తమాన కాలంలోనే చెబుతారట. మనమూ 'పదేళ్లుగా తెలుసు' అనే అంటాం కనుక, ఆమె తప్పు నా చెవికి ఒప్పుగానే వినిపించింది. మేడం గారు దాన్ని 'ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్' అని మార్చి, ఎందుకు మార్చారో మా ఇద్దరికీ ఓపికగా వివరించారు.

అసలు చిక్కు చివరి పుటలో ఉంది. అతను 'ఈవెంచువల్లీ' తిరిగి వస్తాడని పొరుగింటావిడ అనుకుంటుంది. అది చదివి మేడం గారు, "ఎలాగూ వస్తాడని తేలిపోయిందిగా, ఇక ఈమెకు ఇంత దిగులెందుకు?" అని అడిగారు. మా మరదలు తెల్లబోయింది. జర్మన్‌లో 'ఎవెంటుఎల్' అంటే 'బహుశా' అనీ, దాన్ని పోలిన ఆంగ్ల పదానికి 'చివరికి' అని అర్థమనీ పరిశోధక విద్యార్థిని చెప్పాక గాని విషయం బోధపడలేదు. వస్తాడో రాడో తెలియని నిరీక్షణ, తప్పక వస్తాడన్న హామీగా మారిపోయిందన్న మాట. అక్కడ 'పర్‌హాప్స్' అని పెట్టగానే ఆ పుటకు దాని బరువు తిరిగి వచ్చింది.

కథలోని ఆ ఇద్దరూ జర్మన్‌లో గౌరవ సంబోధన అయిన 'జీ' విడిచి, చనువుగా 'డూ' అనుకోవడం మొదలుపెట్టే ఘట్టం మరింత శ్రమ పెట్టింది. తెలుగులో అయితే 'మీరు' 'నువ్వు'గా మారడంతోనే సరిపోయేది. నేటి ఆంగ్లంలో రెండింటికీ 'యూ' ఒక్కటే. వివరణ వాక్యం చేర్చవద్దని మేడం గారు పట్టుబట్టారు. అంతవరకూ 'మిస్టర్' చేర్చి ఇంటిపేరుతో పిలిచిన ఆవిడ, ఆ రోజు గడప దగ్గర నిలబడి మొదటిసారి అతని సొంత పేరు పలికితే చాలన్నారు. నాకు ఆ ఘట్టం ఇప్పుడు మూలంలోకన్నా బాగుందనిపిస్తుంది. మా మరదలు కూడా అదే మాట అంది. జర్మన్ పద్ధతిలో పెద్ద అక్షరాలతో మొదలైన నామవాచకాలను, కొటేషన్ గుర్తులను సరిచేసే పనంతా ఆ పరిశోధక విద్యార్థినే చేసింది.

మేడం గారూ, మీరు ఒక్క వాక్యాన్ని కూడా మీ శైలిలోకి మార్చలేదు. ప్రతిచోటా "నువ్వు చెప్పదలచుకున్నది ఏమిటమ్మా?" అని ముందు అడిగి, ఆ తర్వాతే కలం పట్టుకున్నారు. అందుకే ఆ కథ ఇప్పటికీ ఆమెదిగానే ఉంది. మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.

మొన్న రాత్రి నాన్నగారు కథ చదవడం పూర్తిచేసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కోడలిని అడిగారు: "ఇంతకీ ఆయన వచ్చాడా, రాలేదా అమ్మా?"