మంచి ఆపరేటర్‌కు ప్రమోషన్ ఇచ్చారు సరే, సూపర్‌వైజర్ పని ఎవరు నేర్పారు?

సంపాదకులకు,

నమస్కారం. కొత్త ఫ్యాక్టరీ వస్తోందంటే పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అని మొదటి పేజీలో వేస్తారు. ఉత్పత్తి పెరగాలి, నాణ్యత పెరగాలి అని లోపలి పేజీల్లో వ్యాసాలూ వస్తాయి. ఆ ఉత్పత్తినీ నాణ్యతనూ షిఫ్టు షిఫ్టుకీ నెత్తిన మోసే మనిషి ప్రొడక్షన్ సూపర్‌వైజర్. అతని గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క చదివిన గుర్తు లేదు. చాలా ఏళ్లుగా షాప్ ఫ్లోర్ మీద, అంటే మెషిన్లు నడిచే చోటే ఉన్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదే, స్థలం లేకపోతే కత్తిరించుకోండి.

అసలు సూపర్‌వైజర్ ఎలా తయారవుతాడు? లైన్లో అందరికంటే బాగా పనిచేసే ఆపరేటర్ ఒకడుంటాడు. మెషిన్ చప్పుడు వినే ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేస్తాడు, ఊరికే సెలవు పెట్టడు, అతని చేతిలోంచి రిజెక్షన్, అంటే తనిఖీలో పనికిరాదని తీసేసే సరుకు, రావడం అరుదు. పాత సూపర్‌వైజర్ రిటైరైతేనో మానేస్తేనో, సోమవారం నుంచి లైను నువ్వే చూసుకో అంటారు, అంతే. చొక్కా రంగు మారుతుంది, ఫోన్లో నాలుగు వాట్సాప్ గ్రూపులు చేరతాయి. నిన్నటిదాకా ఒరేయ్ అంటూ భుజం మీద చెయ్యేసినవాళ్లు ఇవాళ సార్ అనాలో పాత పిలుపే పిలవాలో తెలియక మొహం తిప్పుకుని పోతుంటారు. అతనికీ వాళ్లకు పని ఎలా చెప్పాలో తెలియదు, గట్టిగా చెబితే పొగరంటారు, మెత్తగా చెబితే వినరు. చివరికి ఎవరికీ ఏమీ చెప్పకుండా కష్టమైన పనులన్నీ తనే చేసేసుకోవడం మొదలుపెడతాడు. లైనుకు ఒక మంచి ఆపరేటర్ తగ్గాడు, సూపర్‌వైజర్ సీటు మాత్రం ఖాళీగానే ఉంది.

ఇంకో దారి డిప్లొమా చేసి వచ్చిన కుర్రాణ్ణి నేరుగా కూర్చోబెట్టడం. డ్రాయింగ్ చదవగలడు, ఎక్సెల్ వచ్చు, తన తండ్రి వయసున్న ఫిట్టర్‌తో మాట్లాడాలంటే మాత్రం గొంతు పెగలదు. ఆ కొత్త సూపర్‌వైజర్ అమ్మాయైతే ఈ ఇబ్బంది రెట్టింపు, ఆ సంగతి మీద వేరే ఉత్తరం రాయాలి.

శిక్షణ ఇవ్వడం లేదా అంటే ఇస్తున్నారు, ఎందుకివ్వరు! ఏడాదికోసారి ఒక హాల్లో కూర్చోబెట్టి, నాయకత్వం అంటే ఏమిటో స్లైడ్ల మీద చూపించి, ఒక ఆట ఆడించి, గ్రూప్ ఫొటో తీసి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. మర్నాడు షిఫ్టు మొదలయ్యేసరికి ఇద్దరు గైర్హాజరు, ఒక మెషిన్ బ్రేక్‌డౌన్, డిస్పాచ్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నిన్న హాల్లో విన్నదాంట్లో ఆ అరగంటలో పనికొచ్చే మాట ఒక్కటైనా ఉందా అని అడిగి చూడండి, పాపం నవ్వి ఊరుకుంటాడు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదండీ. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1940లో అమెరికాలో ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక కార్యక్రమం పెట్టారు, టీడబ్ల్యూఐ అంటారు దాన్ని. అనుభవం ఉన్నవాళ్లు సైన్యంలోకి పోతున్నారు, వాళ్ల స్థానంలో ఎన్నడూ మెషిన్ ముట్టని జనం, అందులో బోలెడంతమంది ఆడవాళ్లు, ఫ్యాక్టరీల్లోకి వస్తున్నారు, ఆర్డర్లేమో ఆగడం లేదు. వచ్చిన ప్రతి ఒక్కరినీ బయట ఎక్కడో కూర్చోబెట్టి నేర్పే టైం లేదు కాబట్టి, వాళ్లకు పని నేర్పాల్సిన సూపర్‌వైజర్లనే ముందు తయారుచేశారు. 1945లో ఆ కార్యక్రమం ముగిసేనాటికి 16 వేలకు పైగా ప్లాంట్లలో 16 లక్షల మందికి పైగా ఆ శిక్షణ సర్టిఫికెట్లు అందుకున్నారు. యుద్ధం తర్వాత అది జపాన్ చేరింది, 1950ల మొదట్లో టయోటా దాన్ని అందిపుచ్చుకుంది. పుట్టిన దేశంలో మాత్రం చాలావరకు మర్చిపోయారు.

సూపర్‌వైజర్‌కు అయిదు కావాలంటుంది టీడబ్ల్యూఐ. పని తెలిసుండాలి, తన బాధ్యతలు తెలిసుండాలి, పని నేర్పడం రావాలి, పద్ధతుల్ని మెరుగుపరచడం రావాలి, మనుషుల్ని నడపడం రావాలి. మొదటి రెండూ ఏ ప్లాంటుకు ఆ ప్లాంటులోనే తెలుసుకోవాల్సినవి. మిగతా మూడూ ఏ ఫ్యాక్టరీలోనైనా ఒకటే, నేర్పితే వచ్చేవే, ఒక్కోదానికి టీడబ్ల్యూఐలో ఒక్కో కోర్సు ఉండేది. మనం మొదటిది చూసి ప్రమోషన్ ఇచ్చేసి, తక్కిన నాలుగూ ఆకాశంలోంచి ఊడిపడతాయని కూర్చుంటున్నాం.

పని నేర్పడం గురించే కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే. పని నేర్పే కోర్సులో ఒక ముడి వేయించేవారు, కరెంటు తీగకు ఎలక్ట్రీషియన్లు వేసే ముడి. ముందు ట్రెయినర్ నోటితో మాత్రమే చెప్పేవాడు, ఎదుటివాడికి వచ్చేది కాదు. తర్వాత ఏమీ మాట్లాడకుండా చేసి చూపించేవాడు, అప్పుడూ సరిగా వచ్చేది కాదు. మూడోసారి ఒక్కో అడుగూ చేసి చూపిస్తూ, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పి, ఎందుకో చెప్పి, తర్వాత అతనిచేత చేయిస్తే వచ్చేది. మన లైన్ల మీద నేర్పుడంతా ఇప్పటికీ మొదటి రెండు రకాలే. ‘వాడి పక్కన నిలబడి రెండ్రోజులు చూడు’ అనడం రెండోరకం.

ఒక చిన్న పని తీసుకోండి, పంపు షాఫ్టు మీదున్న గాడిలో లీకు కాకుండా ఆపే రబ్బరు రింగు ఎక్కించడం. చూస్తే అయిదు సెకన్ల పని. కొత్తవాడికి ‘రింగు ఎక్కించి ముందుకు పంపు’ అని చెబుతారు, ఎక్కిస్తాడు, లీక్ టెస్టులో పది పంపుల్లో రెండు తిరిగొస్తాయి, వాడికి చివాట్లు పడతాయి. అదే పనిని సూపర్‌వైజర్ విడగొట్టుకుని ఉంటే ఇలా చెప్పేవాడు. గ్రీజు పలుచగా రాయాలి, ఎండు రింగయితే ఎక్కేటప్పుడు చీరుకుపోతుంది. పదునైన అంచు మీంచి లాగకూడదు, కోసుకుపోతుంది. దొర్లించుకుంటూ ఎక్కిస్తే లోపల మెలిక పడుతుంది, అందుకని గాడిలో కూర్చున్నాక వేలు చుట్టూ తిప్పి చూడాలి, మెలికుంటే వేలికే తెలిసిపోతుంది. చెప్పడానికి రెండు నిమిషాలు. పాత ఆపరేటర్ ఇవన్నీ చేస్తాడు కానీ చెప్పమంటే చెప్పలేడు, ఎందుకంటే అవి అతని చేతికి తెలుసు, నోటికి తెలియవు. ఆ చేతిలో ఉన్నదాన్ని బయటికి తీసి, అడుగేమిటి, కీలకమేమిటి, కారణమేమిటి అని కాగితం మీద పెట్టగలగడమే సూపర్‌వైజర్‌కు నేర్పాల్సిన మొదటి విద్య. ఎదుటివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదనే అర్థం అని టీడబ్ల్యూఐ వాళ్లు చెప్పేవారు. మన దగ్గర ఈ మాటంటే మీటింగులోంచి లేచిపోతారు!

ఇక మనుషుల సంగతి. సమయానికి వచ్చే ఆపరేటర్ వారంలో మూడుసార్లు ఆలస్యంగా వచ్చాడనుకోండి. సూపర్‌వైజర్‌కు తెలిసిన మందు ఒకటే, అందరి ముందూ అరవడం, ఇంకా అయితే మెమో. అరిచాక తెలుస్తుంది ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని. ముందు సంగతి తెలుసుకో, అతని మాటా విను, ఆలోచించి నిర్ణయించు, తర్వాత ఫలితం ఎలా ఉందో చూడు అన్నది వరసగా సాధన చేయిస్తే వచ్చే అలవాటే, పుట్టుకతో రావాల్సిన సుగుణమేమీ కాదు. ఆ శిక్షణలోనే ఇంకో మాట కూడా ఉంది: మనుషుల మీద ప్రభావం పడే మార్పు ఏదైనా ముందే వాళ్లకు చెప్పు. మన దగ్గర షిఫ్టు మారిందన్న సంగతి నోటీసు బోర్డు చూస్తేనో పక్కవాడు చెబితేనో తెలుస్తుంది, మళ్లీ టీమ్ స్పిరిట్ లేదని మనమే బాధపడతాం.

మనుషులు పనికిరారండీ, మావాళ్లతో కాదు అనేవాళ్లకు ఒక ఉదాహరణ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ప్లాంటు ఒకటి 1982లో మూతపడింది, గైర్హాజరీలకూ గొడవలకూ పేరుమోసిన ప్లాంటది. 1984లో టయోటాతో కలిసి న్యూమీ పేరుతో మళ్లీ తెరిచారు, తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. లైను నడిపే టీమ్ లీడర్లనూ గ్రూప్ లీడర్లనూ వందలమందిని జపాన్‌లో టయోటా వాళ్ల ప్లాంటుకు పంపి, అక్కడి లైన్ల మీదే పని చేయించి నేర్పారు. కొంతకాలానికే ఆ ప్లాంటు నాణ్యత చూసి అమెరికా అంతా ఆశ్చర్యపోయింది. శిక్షణ ఒక్కదానివల్లే అయిందనను, పని పద్ధతి మొత్తం మార్చారు, యాజమాన్యం తీరూ మారింది. కానీ మనుషులు మాత్రం చాలావరకు అదే మనుషులు.

ఉత్పత్తి మెరుగుపరచడం గురించి కూడా చెప్పాలి, టార్గెట్ అనగానే అందరికీ టెన్షన్ కదా. సూపర్‌వైజర్‌ను అడగండి, నిన్న నీ లైను ఎంతసేపు ఆగింది అని. లాగ్‌బుక్ తీసి బ్రేక్‌డౌన్ నలభై నిమిషాలు అంటాడు. అయిదు నిమిషాలు దాటితేనే పుస్తకంలో రాయాలన్నది చాలాచోట్ల ఆచారం. మరి సెన్సర్ మీద దుమ్ము పడి మెషిన్ ఆగడం, ఆపరేటర్ గుడ్డతో తుడిచి మళ్లీ స్టార్ట్ నొక్కడం, ఇది షిఫ్టులో ముప్పైసార్లు జరిగి ఒక్కోసారి నిమిషం పోతే అరగంట, అదెక్కడా కనపడదు. ఓఈఈ లెక్క చాలా ప్లాంట్లలో బోర్డు మీద రాస్తారు, అంటే మెషిన్ నడిచిన సమయం, నడిచిన వేగం, మంచి సరుకు శాతం, మూడింటినీ హెచ్చించగా వచ్చేది. మూడూ 90 శాతం చొప్పున ఉంటే బాగానే ఉందనిపిస్తుంది, హెచ్చిస్తే 73 దగ్గర తేలుతుంది. ఆ అంకె రాయడం అందరికీ నేర్పారు, అందులో పోయిన 27 ఎక్కడెక్కడ పోయిందో లైను పక్కన నిలబడి పట్టుకోవడం ఎవరికీ నేర్పలేదు. మెషిన్లో డై, అంటే సరుకుకు ఆకారమిచ్చే అచ్చు, మార్చేటప్పుడు చూడండి, మెషిన్ ఆపేశాక బోల్టులు వెతకడం, క్రేన్ కోసం ఎదురుచూడటం, కొత్త డై స్టోర్‌లోంచి తేవడం. ఇవన్నీ మెషిన్ నడుస్తుండగానే సిద్ధం చేసి పెట్టుకోవచ్చని జపాన్ ఇంజినీరు షిగెయో షింగో ఎన్నో దశాబ్దాల కిందటే చూపించాడు. మెషిన్ ఆగాక చేసి తీరాల్సినవి ఏవి, ముందే చేసుకోదగ్గవి ఏవి అని సూపర్‌వైజర్ తన ఆపరేటర్లతో కూర్చుని ఒక్కసారి విడగొట్టుకుంటే, పైసా ఖర్చు లేకుండా బోలెడు సమయం కలిసొస్తుంది.

అయితే ఇంతా నేర్పి పంపాక పైన ఉన్న మేనేజర్ మారకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. పొద్దున్నే మీటింగులో మేనేజర్ అడిగే ప్రశ్న ఒకటే, నంబర్ ఎంత? తక్కువొస్తే నిలబెట్టి కడిగేస్తారు. మర్నాటి నుంచి సూపర్‌వైజర్ నిజం రాయడు, రిజెక్షన్‌ను రీవర్క్ ఖాతాలో, అంటే మళ్లీ సరిచేస్తే పనికొచ్చే సరుకు కింద, వేస్తాడు, చిన్న ఆగుళ్లు మింగేస్తాడు. భయాన్ని తరిమేయండి అని అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ మేనేజర్లకు చెప్పిన తన పద్నాలుగు సూత్రాల్లో ఒకటిగా పెట్టింది ఇందుకే. భయపడే సూపర్‌వైజర్ చేతిలో ఉన్న లెక్కలు నమ్మి ప్లాన్ వేసుకునే మేనేజర్‌ను చూస్తే నాకు జాలేస్తుంది.

ఇంకొకటి, ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమందిని పెడుతున్నారు? నలభై, యాభై మంది ఉన్న లైన్లు చూశాను. టయోటాలో అయిదారుగురికి ఒక టీమ్ లీడర్, అలాంటి కొన్ని టీములకు ఒక గ్రూప్ లీడర్ ఉంటారు. యాభై మందిని ఒక్కడు చూసుకుంటూ, పైగా హాజరు, మెటీరియల్ ఇండెంట్లు, ఆడిట్ కాగితాలు, గంటగంటకూ గ్రూపుల్లో ఫొటోలు పెట్టుకుంటూ ఉంటే ఆ రబ్బరు రింగు గురించి చెప్పే రెండు నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? శిక్షణ ఇచ్చేముందు అతని దగ్గర నుంచి సగం కాగితాలు లాగేసుకోవాలి, అది చేయకపోతే ఆ కోర్సుకు పంపకపోయినా పర్వాలేదు.

టైం లేదు అని యాజమాన్యాలు అంటాయి, తెలుసు. టీడబ్ల్యూఐలో ఒక్కో కోర్సు మొత్తం పది గంటలే, రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు, పదిమందికో బ్యాచ్. అది కూడా ఊరికే వినడం కాదు, ప్రతి ఒక్కరూ తమ లైనులోని నిజమైన పనిని తెచ్చి అందరి ముందూ నేర్పి చూపించాలి, తప్పులు మిగతావాళ్లు పట్టుకోవాలి. యుద్ధం నెత్తిమీదున్నప్పుడు దొరికిన పది గంటలు మామూలు రోజుల్లో ఎందుకు దొరకవో నాకు అర్థం కాదు.

నన్నడిగితే అన్ని విభాగాల్లోనూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. రిజెక్షన్ ఎక్కువున్న ఒక్క లైను చాలు. ఆ సూపర్‌వైజర్‌కు పని నేర్పే కోర్సు ఒక్కటే ఇవ్వండి, మొత్తం మూడూ ఒకేసారి కుక్కొద్దు. ఏ ఆపరేటర్‌కు ఏ పని వచ్చు, ఎవరికి ఏది ఎప్పటిలోగా నేర్పాలి అన్న పట్టిక అతనే రాసి లైను దగ్గర తగిలించాలి. మేనేజర్ వారానికోసారి ఆ పట్టిక ముందు నిలబడి నంబర్ సంగతి పక్కనపెట్టి ‘ఈ వారం ఎవరికి ఏం నేర్పావు, చూద్దాం పద’ అని అడగాలి, అడిగి ఆ ఆపరేటర్ దగ్గరికి కలిసి వెళ్లాలి. మూడు నెలలు అలా నడిపి చూశాక రెండో లైను సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ప్రొడక్షన్ విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు