టర్కీ కోడి బదులు ఖైమా దిమ్మ

మాడిసన్, విస్కాన్సిన్, అమెరికా
నవంబరు 30, ఆదివారం

అమ్మా,

ఫోన్లో మీట్‌లోఫ్, అంటే పేరుకి మాంసం రొట్టె, దాని గురించి చెప్పడం మొదలుపెట్టగానే "మాంసంతో రొట్టేమిటే, ఖర్మ" అని నవ్వేశావు కదా, అందుకే రాస్తున్నా, రాస్తే మధ్యలో ఆపలేవు. ముందే చెప్తున్నా, గొడ్డు మాంసం కాదు. నాన్నగారికి ఆ ఒక్క ముక్క చదివి వినిపించాకే మిగతాది చదువు.

మొన్న గురువారం ఇక్కడ థ్యాంక్స్‌గివింగ్ పండగ. ఏటా నవంబరులో నాలుగో గురువారం వస్తుంది, ఆ రోజు ఎక్కువమంది ఇళ్లలో టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా అలాగే ఓవెన్లో కాలుస్తారు. పోయినేడు మేమూ తెచ్చాం, 12 పౌన్లది, అంటే దాదాపు అయిదున్నర కిలోలు, ఉన్నది ఇద్దరం! గడ్డకట్టిన కోడిని ఫ్రిజ్‌లో కరగనివ్వాలంటే నాలుగైదు పౌన్లకి ఒక రోజు పడుతుంది, అంటే మూడు రోజుల ముందే ఫ్రీజర్‌లోంచి తీయాలి, నేను ముందు రోజు రాత్రి తీశాను. పొద్దున చూస్తే కడుపులో చెయ్యి దూరనంత మంచు. ఆ పండక్కి మేం తిన్నది ఉప్మా. మీ అల్లుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథ చెప్తాడు, నీకెందుకు చెప్పలేదో మరి.

అందుకని ఈసారి పండగ రుచులన్నీ వేసి మీట్‌లోఫ్ చేశాను. నీ ఖైమా ఉండలు ఉన్నాయే, ఆ ముద్దనే ఉండలు చుట్టకుండా ఒకే దిమ్మగా పెట్టి కాల్చడం అనుకో. నిజానికి ఇది ఇక్కడ పండగ వంటేం కాదు, ఉన్న కాస్త మాంసంలో బ్రెడ్డు కలిపి నలుగురికి సరిపెట్టే వంట.

నువ్వు పుట్నాల పొడి వేస్తావు, వీళ్లు పాలలో నానబెట్టిన బ్రెడ్డు వేస్తారు. నేను తెచ్చింది 2 పౌన్ల టర్కీ ఖైమా, అందులో కొవ్వు 7 శాతమే, అలాంటిది ఊరికే కాలిస్తే పొట్టులా ఎండిపోతుంది, ఆ బ్రెడ్డే తడిని పట్టి ఉంచుతుంది. రెండు గుడ్లు, సన్నగా తరిగి వేయించి చల్లార్చిన ఉల్లిపాయ, సెలెరీ కాడలు, ఉప్పు, మిరియాలు. ఇక పండగ వాసనంతా సేజ్ అనే ఆకుది. మన పెరట్లో వామాకులాగే నూగుగా ఉంటుంది, నలిపితే కాస్త కర్పూరం తగులుతుంది. నాలుగాకులు చాలు, మొదటిసారి పిడికెడు వేస్తే దేవుడి గదిలో కూర్చుని తిన్నట్టుంది.

అవును, మొదటిసారి అన్నాను కదా, పండక్కి ముందు ఆదివారం ఒకటి చేసి పాడుచేశాను. అలవాటు కొద్దీ ముందే ఉప్పు పట్టించి, చపాతీ పిండిలా బాగా మర్దించాను. మాంసానికి ఉప్పు తగిలి పిసికేకొద్దీ బంకలా సాగుతుందట, కాలాక అది రబ్బరు బంతి. దీన్ని వేళ్ల చివర్లతో అలా అలా కలిపి వదిలేయాలి, నీ చేతికి తెలిసినట్టు నా చేతికి ఎప్పుడు ఆపాలో తెలియదు.

పైన మామూలుగా కెచప్ పూస్తారు, నేను క్రాన్‌బెర్రీలు పూశాను. అచ్చం మన వాక్కాయ పులుపు, ఎర్రగా చిన్నగా ఉంటాయి. ఈ దేశంలో పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా మా విస్కాన్సిన్‌వే, అందుకని ఈ ఊళ్లో ఉండి అవి లేకుండా పండగ చేస్తే తప్పనిపించింది. కప్పు పంచదార, కప్పు నీళ్లు పోసి ఉడికిస్తే టపటపా పేలతాయి, పది నిమిషాలకి చిక్కబడి, చల్లారాక జెల్లీలా గడ్డకడుతుంది. అందులో రెండు పచ్చిమిర్చి చీల్చి వేశాను, అది మాత్రం నా సొంతం.

350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో గంటకి పైనే పట్టింది. ఉడికిందో లేదో నువ్వయితే గరిటెతో నొక్కి చెప్పేస్తావు, నేను థర్మామీటరు గుచ్చి కూర్చున్నా, లోపల 165 ఫారెన్‌హీట్ రావాలి, 158 దగ్గర ఎంతసేపు ఆగిందో, మీ అల్లుడు రెండుసార్లు ప్లేట్లు కడిగి పెట్టాడు. తీశాక పది నిమిషాలు ముట్టుకోకూడదు, వెంటనే కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. ఈసారి ఆగాను. ముక్క చక్కగా తెగింది, అంచున ఎర్రటి గీత, లోపల మెత్తగా, తడిగా.

ఆయన తిన్నాడు, బాగుందన్నాడు, కాసేపాగి ఫ్రిజ్ తెరిచి ఆవకాయ సీసా తెచ్చుకున్నాడు. కోపం రాలేదనను. మర్నాడు మిగిలిన ముక్కల్ని పెనం మీద ఎర్రగా కాల్చి పప్పుచారన్నంలో నంజుకున్నాం, అసలు పండగ అప్పుడయింది.

క్రిస్మస్ సెలవులకి వేటమాంసం ఖైమాతో, బ్రెడ్డు బదులు నీ పుట్నాల పొడితో చేయాలనుంది. ఆ పొడి బ్రెడ్డంతగా పాలని పట్టి ఉంచదేమో అని నా అనుమానం, అందుకే పాలు కాస్త తక్కువ పోస్తా. అర కిలో ఖైమాకి నువ్వు పొడి ఎంత వేస్తావో రాయి. గుప్పెడు అని మాత్రం రాయకు, నీ గుప్పెడు వేరు నా గుప్పెడు వేరు, ఆ స్టీలు గ్లాసుతో ఒక్కసారి కొలిచి చెప్పు.

నీ
పెద్దది